గడప లేని ఇల్లు

మొన్న శ్రీరామనవమికి రామతీర్థం వెళ్లాను. స్వామి కల్యాణం చూసి, గాజులు కొందామని ఒక కొట్లో అడుగుపెట్టాను. తీరా చూస్తే అది మా తాతగారిల్లు!

చెప్పొద్దూ, మనసు కలుక్కుమంది. వీధి అరుగు కొట్టేసి షట్టరు పెట్టారు. మండువా మీద రేకు కప్పారు. వెనకటికి నాలుగు వైపుల పెంకుల మీంచి వాననీళ్లు జారి మండువాలో పడి, తూములోంచి పెరట్లో అరటిచెట్లకి పోయేవి. ఇప్పుడక్కడ ప్లాస్టిక్ బిందెలు. స్తంభాలున్నాయి గాని, వాటికి మేకులు కొట్టి గాజుల దండలు వేలాడదీశారు. గడప తీసేశారు. సరుకు లోపలికి రావాలి కదా!

"ఏటి కావాలమ్మా? అలా సూస్తన్నారు?" అంది గల్లాపెట్టె దగ్గరమ్మాయి.

ఏం చెప్పను? అమ్మకం కాగితం మీద నా సంతకమూ ఉందనా? అమ్ముకున్నవాళ్లకి ఏడ్చే హక్కుంటుందా? మీరే చెప్పండి.

ఇంగ్లండులో 1947 చట్టంతో పాత ఇళ్లకి జాబితా మొదలైంది. అలాంటి ఇంట్లో దుకాణం పెట్టుకున్నా, గోడ పడగొట్టాలంటే అనుమతి కావాలి. మనమూ విజయనగరంలో గురజాడ అప్పారావుగారి ఇంటిని స్మారకంగా నిలుపుకున్నాం. మహాకవి ఇల్లు కనక దక్కింది. మామూలు మనుషుల ఇళ్ల మాటేమిటి అని మథనపడుతూ నిలబడ్డాను.

అంతలో చిట్టిమామ్మ గుర్తొచ్చింది. తాతగారి చెల్లెలు. పద్నాలుగేళ్లకే భర్త పోతే పుట్టింటికొచ్చి, పోయేదాకా వెనక గదిలోనే ఉంది. వీధి అరుగు మగవాళ్లది. నవమినాడు ఊరేగింపు కిటికీ చువ్వల్లోంచి చూసేది. నేను ఇందాకట్నించీ బెంగపడుతున్న ఆ గడప ఆవిడ దాటరానిది. ఇప్పుడు స్తంభాలకి వేలాడుతున్న గాజులు ఆవిడ తొడగరానివి.

చేతులు మారడం ఈ ఊరికి కొత్తా? గురుభక్తుల కొండ మీద బౌద్ధులు ఇటుక విహారాలు కట్టుకున్నారు. తర్వాత జైనులొచ్చి తీర్థంకరులను నిలుపుకున్నారు. 11వ శతాబ్దంలో వేంగి చాళుక్యరాజు విమలాదిత్యుడి గురువు ఇక్కడికొచ్చి మొక్కినట్టు ఊళ్లోని ఒక గుహలో శాసనముంది. ఈనాడు మనం రాముడి కోసం వస్తున్నాం. అయితే, చోటు చేతులు మారినప్పుడల్లా అక్కడ ఎవరికి నీడ దొరికింది, ఎవరికి పోయింది అని అడగాలి కదా. మా ఇంటి విషయంలో నేనెన్నడూ అడగలేదు.

"కొట్టు మీదేనా అమ్మా?" అన్నాను.

"నాదేనండి. మా ఆయన ఆటో తోల్తాడు. కొట్టు నానే సూసుకుంటాను."

సంతోషం వేసింది. వెంటనే సిగ్గూ వేసింది. మేము ఇల్లమ్మింది ఈ పిల్ల కోసం కాదు, డబ్బు కోసం. ఆ పుణ్యంలో మాకు వాటా లేదు.

"ఆ మూల కన్నమొకటుందమ్మా, ఎందుకో తెలీదు. రేకు కారితే నీళ్లు అందులోంచే పోతాయి," అంది గాజులు తొడుగుతూ.

"అది తూము. మూసెయ్యకమ్మా," అన్నాను.

ఆ ఇంటి గురించి నేనివ్వగలిగిన సలహా అదొక్కటే.