బిళ్ళ అమ్ముకున్న పిల్లవాడు

గౌరవ చిహ్నాన్ని అమ్ముకోవడం నీతికి విరుద్ధమా? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని విప్పుకుంటూ పోతే శ్రమ, సరుకు, మర్యాద అనే మూడు పెద్ద విషయాలు ఎదురవుతాయి.

ఇంగ్లండులో బి.బి.సి. వారు 1958 అక్టోబరులో పిల్లల కోసం 'బ్లూ పీటర్' అనే టెలివిజన్ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఉత్తరాలు, బొమ్మలు, కవితలు, మంచి ఆలోచనలు పంపిన పిల్లలకు 1963 నుండి ఓడ బొమ్మ ఉన్న బిళ్ళను బహూకరిస్తూ వచ్చారు. ఆ ఓడను గీసినవాడు టోనీ హార్ట్ అనే చిత్రకారుడు. కార్యక్రమానికి చిరకాలం సంపాదకురాలుగా ఉండి 2025లో మరణించిన బిడ్డీ బాక్స్టర్ చిన్నతనంలో రచయిత్రి ఎనిడ్ బ్లైటన్‌కు రెండు ఉత్తరాలు రాస్తే రెండింటికీ ఒకే జవాబు వచ్చిందట. ఆ నిరాశను మరచిపోని ఆమె, తమకు రాసిన పిల్లల వివరాలను కార్డుల మీద భద్రపరచే ఏర్పాటు చేసింది. 'నీవు ఫలానా పని చేశావు, దానిని మేము చూశాము' అని ఒక్కొక్క బిడ్డకూ చెప్పడమే ఆ బిళ్ళ పుట్టుకలోని అర్థమన్నమాట.

కాలక్రమాన దానికి మరొక శక్తి చేరింది. బిళ్ళ పెట్టుకొని వచ్చిన పిల్లలకు అనేక మ్యూజియములలోను, వినోద స్థలాలలోను ఉచిత ప్రవేశం లభించసాగింది. 2006లో ఆ బిళ్ళలు ఇంటర్నెట్ వేలంలో అమ్ముడవుతున్నాయని బయటపడింది. ఉచిత ప్రవేశాన్ని కొంతకాలం నిలిపివేసి, ఆ ఏడాదే పిల్లలకు గుర్తింపు కార్డులు పెట్టి తిరిగి ఇచ్చారు.

ఎంత దిగజారుడు అనడం సులభం. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను.

ఆమదాలవలసలో చక్కెర కర్మాగారం ఇంకా నడుస్తున్న రోజులవి. వారానికొక పుస్తకం చదివి దానిని గురించి తరగతిలో మాట్లాడిన పిల్లలకు నేను రేకు బిళ్ళలు కత్తిరించి ఇచ్చేవాణ్ణి. వాటిని కొంటానన్నవాడు లేడు. తరువాత, ఉత్సాహం పెంచుదామని, బిళ్ళ ఉన్నవారికే పుస్తకాలు ఇంటికి ఇస్తానన్నాను. నెల తిరగకుండానే ఒక చెరకు కూలీ కొడుకు తన బిళ్ళను షావుకారు గారబ్బాయికి అమ్మేశాడు. అందరి ముందూ నిలబెట్టి తిట్టాను. వాడు తల వంచుకొనే అన్నాడు: "బిళ్ళ అమ్మీసినాను మాస్టారూ. సదివింది నాకాడే ఉన్నాది కదండీ."

వాడి మాటలో సగం సత్యం ఉన్నది. చిహ్నం వేరు, అది సూచించే శ్రమ వేరు. బిళ్ళ చేతులు మారినంత మాత్రాన చదువు చేతులు మారదు. మా ఊరి స్టేషనుకు 'శ్రీకాకుళం రోడ్' అని బోర్డు కట్టినా, రైలు దిగినవాడు అడుగుపెట్టేది ఆమదాలవలసలోనే!

మిగిలిన సగం మాత్రం వాడికి అందలేదు. బిళ్ళ ఒక సాక్ష్యం. కొన్నవాడు పెట్టుకుంటే ఆ సాక్ష్యం అబద్ధమవుతుంది. చదివి సంపాదించుకున్న తక్కినవారి బిళ్ళలను కూడా లోకం అనుమానిస్తుంది. కాబట్టి అమ్మకంలో తప్పే లేదనడానికి వీలులేదు. కాని ఆ తప్పు అమ్మినవాడి దగ్గరే మొదలైందా?

వెల గలది వేరు, వెలకందని మర్యాద గలది వేరు అని కాంట్ 1785లో వివరించాడు. మంచి విభజనే. అయితే, వెల లేనిదానికి వెల తెచ్చి తగిలించినవారెవరని కూడా అడగాలి. సరుకు విలువ ఆ వస్తువులోనే పుట్టినట్లు కనిపిస్తుందనీ, దాని వెనుక మనుషుల మధ్య సంబంధాలు దాగి ఉంటాయనీ మార్క్సు 1867లో 'పెట్టుబడి' గ్రంథంలో చూపాడు. బిళ్ళబంట్రోతును చూసి మన పల్లెల్లో జనం భయపడింది ఇత్తడి బిళ్ళకు కాదు, దాని వెనుక ఉన్న కచేరీకి. అలాగే నా బిళ్ళకు వెల తెచ్చింది రేకు కాదు, పిల్లవాడి దురాశ కాదు. పుస్తకాల బీరువాకు నేను వేసిన తాళం!

అయితే సదుపాయం తీసివేసి వట్టి గౌరవాన్నే మిగిల్చితే సరిపోదా? సరిపోదు. పేద బిడ్డకు ఆ ఉచిత ప్రవేశమే మ్యూజియం చూసే ఏకైక మార్గం కావచ్చు. 2001లో రెండవ ఎలిజబెత్ రాణికి కూడా ఆ కార్యక్రమం బంగారు బిళ్ళ ఇచ్చింది. ఆమెకు దానిని అమ్ముకోవలసిన అవసరం రాలేదు. గౌరవాన్ని అమ్మకుండా ఉండటం కడుపు నిండినవాడికి ఖర్చులేని నీతి. ఇక గుర్తింపు కార్డు సంగతి. అది దొంగను ఆపుతుంది, నిజమే. బిళ్ళ లేని బిడ్డకు తలుపు మాత్రం తెరవదు.

ఇంకొక మాట ఒప్పుకోవాలి. ఆనాడు అమ్మినవాణ్ణి తిట్టాను గాని, కొన్నవాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. కొనడం ధనికుడి సహజ హక్కయినట్లు, అమ్మడం పేదవాడి స్వభావ దోషమైనట్లు నా నోరు దానంతట అదే తీర్పు చెప్పింది. అభ్యుదయం గురించి పాఠాలు చెప్పే నాలోనే ఈ వర్గ దృష్టి ఇంత లోతుగా పాతుకొని ఉన్నదని ఆ రాత్రి గాని తెలియలేదు.

మరునాడు బీరువా అందరికీ తెరిచాను. బిళ్ళలు ఇవ్వడం మానలేదు. ఆ తరువాత వాటిని కొంటానని ఎవరూ రాలేదు.

అవసరం హక్కుగా తీరాలి, గౌరవం గుర్తింపుగా రావాలి. ఈ రెండింటినీ ఒకే సూదికి గుచ్చి బిడ్డ చొక్కాకు తగిలించిన చోట అంగడి లేచి తీరుతుంది. అప్పుడు బిడ్డను నీతి అడిగే ముందు, తాళంచెవి ఎవరి జేబులో ఉన్నదో చూసుకోవడం మన వంటి ఉపాధ్యాయుల ప్రథమ కర్తవ్యం.