బాకీ చదువు

"కాలేజీల ఉండబుద్ధి అయితలేదు, చదువు బందు పెట్టాలెనా వద్దా" అన్న ప్రశ్న అందరి పిల్లలకూ వస్తుంది. పట్వారి కొడుక్కూ వస్తుంది, దొర బిడ్డకూ వస్తుంది. వాళ్లకు వచ్చినప్పుడు అది వాళ్ల మనసుకు సంబంధించిన ముచ్చట. సబ్జెక్టు నచ్చలేదంటారు, ఇంకో కోర్సులో చేరతారు, లేదా ఇంటికి పోయి తండ్రి వ్యవసాయం చూసుకుంటారు. అదే ప్రశ్న మాదిగ పిల్లగానికి వస్తే వాని ఒక్కనిదిగా ఉండదు. వాని వెనక అవ్వ చుట్టిన బీడీలుంటయి. బాపు ఉన్న జీతం ఉంటది. ఎండాకాలం సెలవులకు ఊరికి పోతే "బిడ్డా, ఇంకెన్నేండ్లకు నౌకరి?" అని అడిగే వాడకట్టు మొత్తం ఉంటది. ఇంతమందిని మోసుకొని క్లాసులో కూచున్నవాడు లేచి బయటికి నడవాలంటే ఎట్ల నడుస్తడు?

ఈ ప్రశ్నను నేను 1988లో మొదటిసారి ఎదుర్కొన్నాను. జగిత్యాల దిక్కు పల్లె నుంచి బీఎస్సీ చదువుదామని కరీంనగర్ వచ్చిన ఏడాది అది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, సాంఘిక సంక్షేమ హాస్టల్. డిగ్రీలో ఫిజిక్సు ఒక్కసారిగ ఇంగ్లీషయింది. అప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ కాలేజీలన్నీ వరంగల్ కాకతీయ యూనివర్సిటీ కిందనే. కరీంనగర్‌కు సొంతంగా శాతవాహన యూనివర్సిటీ 2008లో గానీ రాలేదు. మార్కుల మెమో వరంగల్ నుంచి వచ్చేదాకా పాసో ఫేలో తెలియక మొహం చాటేసి తిరిగేటోళ్లం.

నన్ను ఎవరూ కొట్టలేదు. కులం పేరు పెట్టి తిట్టింది కూడా లేదు. అదే కష్టం. ఫిర్యాదు రాయాలంటే ఏం రాయాలె? స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చినప్పుడు "ఎస్సీ స్టూడెంట్స్ నిలబడండి" అని క్లాసులో పిలిచిండ్రని రాయాల్నా? నిలబడిన మరునాటి నుంచి ప్రాక్టికల్స్‌లో నా జంట పిల్లగాడు వేరే టేబుల్‌కు మారిండని రాయాల్నా? నేను "గట్లనే" అంటే వెనక బెంచీలో ముగ్గురు "గట్లనే, గట్లనే" అని నవ్విండ్రని రాయాల్నా? కాగితం మీద పెడితే ఒక్కొక్కటి ఇంతింతే. నిన్ను నువ్వే పిచ్చోనివి అనుకుంటవు. రోజుకింత చొప్పున మూడేండ్లు తింటే అది వేరే సంగతి. పొద్దున లేవబుద్ధి కాదు. పుస్తకం తెరిస్తే అక్షరం అంటదు. దుఃఖం అని పేరు పెట్టడానికి కూడా ఆనాడు భాష లేకుండె. "మనసున పడ్తలేదు" అనేటోళ్లం, అంతే.

నాకు అన్నిటికన్నా గట్టిగ తగిలింది మాత్రం తిట్టు కాదు, ఒక నిరసన. 1990 ఆగస్టు 7న వి.పి.సింగ్ ప్రభుత్వం మండల్ సిఫారసులు అమలు చేస్తామని ప్రకటించింది. ఆ రిజర్వేషన్ బీసీలది, మాకు దానితో కొత్తగా వచ్చేది గానీ పోయేది గానీ లేదు. అయినా చూపులన్నీ మా దిక్కే తిరిగినయి. దేశమంతటా నగరాల్లో చదువుకున్న పిల్లలు రోడ్ల మీద కూచొని బూట్లు పాలిష్ చేసిండ్రు, చీపుర్లు పట్టి ఊడ్చిండ్రు. మా కాలేజీ ముందర కూడా నా క్లాసోళ్లే నలుగురు బ్రష్షు, పాలిష్ డబ్బా పెట్టుకొని కూచున్నారు. రిజర్వేషన్ వస్తే మా బతుకు ఇట్లయితది అని చెప్పడం వాళ్ల ఉద్దేశం.

మా తాత చెప్పులు కుట్టేటోడు. తంగేడు చెక్కతో తోలు ఊనేటోడు, లందల చేతులు ముంచీ ముంచీ గోర్లు ఎర్రబారినయి. ఊళ్లె ఏ కాపుదనపు కాలు అయినా ఆయన కుట్టిన చెప్పులేసుకొనే పొలానికి పోయింది. ఆయన ఆరె, రంపె ఇప్పటికీ మా ఇంట్ల దూలానికి చెక్కి ఉన్నయి. ఆ పని చేసిన ఇంటి నుంచే నేను ఫిజిక్సు చదువనీకి వచ్చిన. దేశంలో అన్నిటికంటే సిగ్గుచేటు పని ఏదని ఎతికి ఎతికి నా తోటి విద్యార్థులు మా తాత పనినే పట్టుకున్నారు. వాళ్లల్ల ఒకడు నాతో మంచిగుండేటోడే. నన్ను చూసి "రారా, నువ్వు కూడ కూసో" అన్నడు, ఎగతాళికి కాదు, నిజంగనే. వానికి నేను ఎవని మనుమన్నో గుర్తుకే రాలేదు. ఆ నిమిషం నాకు కాలేజీ మీద ఆశ తెగింది.

రూముకు వస్తే నా రూమ్మేట్ అప్పటికే ట్రంకు పెట్టె సర్దుతున్నడు. వానిది ఆదిలాబాద్ జిల్లా బెల్లంపల్లి. తండ్రి సింగరేణి కార్మికుడు. మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఆనాడు కంపెనీల ఉండె. "మా నాయిన అన్‌ఫిట్ అయిండు. నేను బాయిల దిగుత" అన్నడు. క్లాసులో ఫస్టు వచ్చేటోడు వాడు. నేను వద్దన్న. "బాయిల చీకట్ల అందరి మొఖం నల్లగనే ఉంటది. ఈడ వెలుతురు ఎక్కువైంది" అన్నడు. బదిలీ ఫిల్లర్‌గా చేరి తట్టా చెమ్మస్ పట్టిండు. నేను ఉన్న.

అందరూ నన్ను మెచ్చుకుంటరు, వాన్ని చూసి అయ్యో అంటరు. ఇది సరైన లెక్కనా అన్నదే నా పేచీ.

ఉన్నోడు ధైర్యవంతుడు, పోయినోడు పిరికోడు అన్న తీర్పు మన సంఘాలల్ల కూడా ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకైతే దీనికి ఇంకో మలుపు ఉంది. ఇక్కడ ఒకప్పుడు కాలేజీ వదలడమే గొప్ప. 1978లో రాడికల్ విద్యార్థులు "గ్రామాలకు తరలండి" అంటే కాలేజీల నుంచి పిల్లలు పల్లెలకు నడిచిండ్రు. ఆ ఏడు సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. తర్వాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిండ్రు. ఆ త్యాగాన్ని నేను తక్కువ చేస్తలేను, మా వాడ పిల్లలు కూడా అందులో ఉన్నరు, తిరిగి రానోళ్లు ఉన్నరు. అయితే వెలమ దొర కొడుకు కాలేజీ వదిలి అడవికి పోతే ఒక తరం కూడబెట్టిన చదువును, భూమిని వదిలిపోయిండని చరిత్ర రాస్తది. మాదిగ పిల్లగాడు వదిలిపోతే వాని ఇంట్ల ఇంకా ఒక్క డిగ్రీ కూడా పుట్టలేదు. ఇద్దరి అడుగూ ఒక్కటే దూరం కాదు. ఒకడు ఉన్నదాన్ని వదులుతడు, ఇంకొకడు ఇంకా చేతికి రానిదాన్ని వదులుతడు. దీన్ని త్యాగమనాల్నో నష్టమనాల్నో ఆ రోజుల్ల ఎవరూ మాతోని కూసుండి మాట్లాడలేదు.

పాలిష్ డబ్బాల సంగతి జరిగిన వారానికి నేను ఊరికి పోయిన. అవ్వ రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, పొద్దుమూకిందాక వంగిన మెడ లేపకుండ. బాగలేవని కార్ఖానోళ్లు కట్టలు తీసి పారేస్తే ఆ కూలి పోయినట్టే. నా హాస్టల్ ఖర్చులకు పైసలు అందులకెళ్లే వచ్చేవి, ఎందుకంటే స్కాలర్‌షిప్పు ఎన్నడూ అక్కరకు అందేటట్టు రాకపోవు. "నేను చదువు మానేస్త అవ్వా" అంటే చేతులు ఆగలేదు. "అన్నం సక్కగ పెడ్తలేరా?" అన్నది. పెడ్తుండ్రు అన్న. "కొడ్తుండ్రా?" లేదన్న. "మరి?" చెప్పరాలేదు. "నీ కష్టం యాదికొస్తే మానబుద్ధి కాదు, ఆడికి పోతే ఉండబుద్ధి కాదు" అన్న.

అప్పుడు ఆపింది చేతులు. "మీ తాత లగ్గానికి చేసిన అప్పుకు మీ బాపు పటేల్ ఇంట్ల జీతం ఉండె. బాకీ తీరిందని ఎవ్వలు చెప్పలే, తీరలేదని గూడ చెప్పలే. ఉండుకుంటనే పోయిండు. నువ్వు నా బాకీకి సదువకు బిడ్డా. సదివితే సదువు, లేకుంటే లేదు."

మా అవ్వకు అక్షరం రాదు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చిందనీ, అట్లాంటి బాకీలన్నీ ఆ చట్టం కొట్టేసిందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చట్టం కాగితం మీద చేసిన పనిని ఆమె ఆ పూట నాకు గద్దె మీద కూసుండి చేసింది. నేను అప్పటిదాకా అవ్వ రుణం తీర్చడానికే అవమానం మింగుతున్నానని అనుకుంటున్న. కానీ రుణం ఆమెకు, చాకిరీ కాలేజీకి! అప్పిచ్చినోళ్లు ఒకరు, మన వంగిన మెడను వసూలు చేసుకునేటోళ్లు ఇంకొకరు. ఈ లెక్క పటేల్ లెక్కకన్నా ఏం మేలు? మన పిల్లలకు "మీ అవ్వయ్యల కష్టం చూసి ఓర్చుకోండి" అని చెప్పేటప్పుడు మనం ఏం చెప్తున్నమో ఒక్కసారి ఆలోచించాలె. జీతానికి పంపుతూ తండ్రి కొడుక్కి చెప్పే మాట కూడా ఇదే.

అంబేద్కర్ ఓర్చుకున్నడు గదా అంటరు కొందరు. ఆయన బతుకును పటంల చూసేటోళ్లు అనే మాట అది. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పుతో కొలంబియాకు పోయిండు, 1916లో లండన్‌ల చేరిండు. గడువు అయిపోయిందని 1917లో చదువు నడిమిట్ల ఆపి తిరిగి వచ్చిండు. బరోడాల పదేండ్లు కొలువు చేస్తానని రాసిచ్చిన ఒప్పందం ఉంది. అది అక్షరాలా బాకీ. పోతే ఊళ్లె ఎవరూ ఇల్లియ్యలేదు. పార్సీల సత్రంల పార్సీ పేరుతో తలదాచుకుంటే కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిండ్రు. ఆయన అక్కడ పదేండ్లు ఓర్చుకోలేదు. బరోడా వదిలిపెట్టిండు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీల పాఠాలు చెప్పి పైసలు కూడబెట్టి, 1920లో మళ్లీ లండన్ పోయి ఆగిన కాడికెళ్లి చదువు అందుకున్నడు. 1923లో డీఎస్సీ వచ్చింది. మూడేండ్లు ఆగిన చదువును ఆయన ఆగిన చదువనే అనుకున్నడు, పోయిన చదువు అనుకోలేదు. మనం మన పిల్లలకు ఈ 1917 గురించి చెప్పం. 1923 గురించే చెప్తం.

చెప్పకపోవడం వల్ల ఏమైతదో 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల చూసినం. రోహిత్ వేముల గుంటూరు పిల్లగాడు, పీహెచ్‌డీ విద్యార్థి. ఆయనను, ఇంకో నలుగురిని హాస్టల్ నుంచి బయటికి పంపిండ్రు, నెలల తరబడి ఫెలోషిప్పు రాలేదు. క్యాంపస్‌లనే గుడారమేసి దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నరు. లోపల ఉండనియ్యరు. ఇంటికి పోదామంటే అవ్వ మొహం. రెండు తలుపులూ మూసినంక ఆ పిల్లగాన్ని "పోరాడాల్సింది" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తది. లోపలి తలుపు మూసింది వాళ్లే, అందులో అనుమానం లేదు. రెండో తలుపు, ఇంటి దిక్కు తలుపు, అది తెరిచి ఉంచే పని మాత్రం మనది. "బిడ్డా, ఉండలేకపోతే వచ్చెయ్. మళ్ల పోదువు గానీ" అన్న మాట ఒక్కటి మన వాడల్ల, మన సంఘాలల్ల గట్టిగ వినబడాలె. మా అవ్వ ఆ మాట అన్నది గనుకనే నేను తిరిగి పోగలిగిన. పోవాలన్న బలవంతం లేనప్పుడు అదే క్లాసురూము కొంచెం చిన్నగ కనబడ్డది, వెనక బెంచీ నవ్వు కూడా. సీనియర్ ఒకాయన రాత్రిపూట ఫిజిక్సు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాయించిండు. 1991లో డిగ్రీ అయింది. బాధ తగ్గిందని మాత్రం అనను.

ఉండుడు, పోవుడు అన్న రెండే దారుల నడుమ పిల్లలను నిలబెట్టి వాళ్ల ఓపికను కొలవడం కాలేజీలకు సులువు. ఓపిక కొలిచినంత సేపు కాలేజీని ఎవరూ కొలవరు. మన ఆదిలాబాద్ దిక్కే బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, 2008లో పెట్టింది, పల్లె బడుల పేద పిల్లలు చదివేది. 2022 జూన్‌ల వాళ్లు చదువు మానలేదు, మౌనంగ ఓర్చుకోనూ లేదు. ఎండకు వానకు వారం రోజులు గేటు కాడ కూసున్నరు. పక్కా వీసీ కావాలె, పుస్తకాలు కావాలె, తినేటట్టు అన్నం కావాలె అన్నరు. నేను ఉండగలనా అన్న ప్రశ్నను తిప్పి, ఇది ఉండదగ్గ జాగనా అని అడిగిండ్రు. దానితో అంతా బాగుపడ్డదని చెప్పలేను. ఆ తర్వాత కూడా అక్కడ పిల్లల చావులు ఆగలేదు. కానీ ఒక్కడు రూములో ముసుగేసుకొని అడుక్కునే ప్రశ్నను వేలమంది బయట కూసుండి అడిగితే అది వేరే ప్రశ్న అయితది.

నా రూమ్మేట్ సంగతి మిగిలింది. వాడు బాయిల దిగిన నాలుగేండ్లకు ఓపెన్ యూనివర్సిటీల బీఏ కట్టిండు. దేశంల మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అది, 1982లో హైదరాబాద్‌ల పెట్టింది, 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టిండ్రు. నైట్ షిఫ్టు దిగి, తానం చేసి, ఆదివారం క్లాసులకు పోయేటోడు. డిగ్రీ వచ్చినా కంపెనీల ప్రమోషన్ ఏం రాలేదు. ఇప్పుడు రిటైరయ్యి మంచిర్యాలల ఉంటున్నడు. కలిసినప్పుడల్లా నేను అడుగుత, ఆ రోజు మానకపోతే లెక్చరర్ అయ్యేటోనివి గదా అని. వాడు ఒప్పుకోడు. "నువ్వు మూడేండ్లు ఆడ కూసున్నవు, నేను మూడేండ్లు బొగ్గు నింపిన. ఎవనికి నిద్ర మంచిగ పట్టిందో చెప్పు" అంటడు. నేను నా పెన్షన్ సంగతి తీస్త, వాడు వాని ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీస్తడు. మా ఇద్దరి పంచాయితీ ఇంకా తెగలేదు.