పైన పొడి, లోన తడి

ఒకసారి దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు యజమాని. తడిసినదాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన మందలించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు.

నేడు ఆ రాశి మన సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. ఎవరిదో ఫోటో, లేని పేరు, 'లండన్‌లో డాక్టర్‌ని' అనే మాట. నెలల తరబడి తీయని కబుర్లు, నికాహ్ చేసుకుంటానన్న వాగ్దానం. ఆపైన కానుక పంపానని, అది కస్టమ్స్‌లో ఆగిందని, డబ్బు కట్టమని ఒత్తిడి. కస్టమ్స్ సుంకం ఏ వ్యక్తి సొంత ఖాతాలోనూ కట్టించుకోరని మనం గుర్తుంచుకోవాలి.

నికాహ్‌కు వలీ, సాక్షులు ఎందుకు? అది నలుగురి ఎదుట జరగాలనే. ఇంట్లో చెప్పవద్దనేవాణ్ణి అక్కడే అనుమానించాలి.

మోసపోయిన బిడ్డను మనం దూషిస్తే ఆమె నోరు విప్పదు. ఆ భయమే మోసగాడికి పెట్టుబడి. ఆమెను అక్కున చేర్చుకుని, వెంటనే 1930కు ఫోన్ చేద్దాం. మారుపేరుతో వల విసిరేది మన కొడుకే అయితే సరదా అని వదలరాదు. అతడు తౌబా చేయాలి, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి.

అల్లాహ్ మన లోపలినీ, వెలుపలినీ ఒకటిగా చేయుగాక! ఆమీన్.