సముద్రతీర విలాసము

పూరీ క్షేత్రమున మహోదధి స్నానమునకు రుసుము లేదు. ఆ తీరముననే సముద్రాభిముఖమైన గదికి రాత్రికి వేల రూపాయలు చెల్లించువారు కలరు. అద్దె 7,500 రూపాయలు దాటినచో 18 శాతము పన్ను అదనము. ఈ వ్యయము సార్థకమా?

ఆ ధనము మెత్తని శయ్యకు, ఏకాంతమునకు, పరిచారకుల శ్రమకు చెల్లును. సముద్రము అందరికిని సమమే. అలసిన గృహస్థుడు ధర్మార్జితముతో విశ్రాంతి పొందుట దోషము కాదు. ఋణము చేసి వెళ్లినవానికి ఆ శయ్యపై నిద్ర పట్టదు. వృద్ధమాత తీర్థస్నానపు కోరికను ఏటేట వాయిదా వేసి వెళ్లినవానికి అలల ఘోష శాంతి నీయదు. ఆమె చేయి పట్టి అలలలోనికి నడిపించినవాడు సత్రమున చాపపై పరుండినను తృప్తుడే. కావున గది వెలను విచారించుటకు ముందు, ఇంట ఎవరి కోరిక తీరక మిగిలియున్నదో విచారించుట గృహస్థునకు ధర్మము.