తెలియక తప్పు తూచినవాడు దోషియా?



సంతలో ఒక వర్తకుడు ధాన్యము తూచుచున్నాడనుకొనుడి. అతని మనస్సులో కపటము లేదు. కాని అతని తూనికరాయి ఏండ్లతరబడి అరిగి తేలికయైనది. ఆ సంగతి అతడెరుగడు. కొన్నవారందరు నష్టపోయిరి. అతడు దోషియా, కాడా? దొంగ త్రాసునుగూర్చి సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటనే కఠినముగా పలుకుచున్నది. అయితే తెలియక జరిగిన తప్పు మాటయేమి? శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలలో జరిగిన ఒక సంగతి ఈ ప్రశ్నకు వెలుగునిచ్చుచున్నది.

మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రము కలదు. అది కంటికి కనబడని కణములను తూచు త్రాసు. కర్బనములో 12 బరువుగల పరమాణువులే మెండు. 13 బరువుగలవి నూటికి సుమారు ఒకటి. ఎముకనో గింజనో కాల్చి వాయువుగా మార్చి, ఆ కణములకు విద్యుదావేశమిచ్చి, అయస్కాంతము నడుమ పరుగెత్తించుదురు. తేలికవి ఎక్కువగాను, బరువైనవి తక్కువగాను వంగును. అట్లు వేరుపరచి లెక్కింతురు. జొన్న సజ్జలలో ఆ బరువైన కర్బనము వరి గోధుమలలోకంటె కొంచెము హెచ్చు. గనుక పూర్వికుల ఎముకను పరీక్షించి, వారు ఏ జాతి ధాన్యము తినిరో తెలిసికొనవచ్చును.

అయితే ఈ భేదము వేయింట కొన్ని పాళ్లు మాత్రమే. యంత్రము ఉదయము చెప్పిన లెక్క సాయంకాలమునకు జరుగవచ్చును. అందుచేత విలువ తెలిసిన పదార్థమును నడుమ నడుమ పెట్టి దానిని సరిచూతురు. మొదట అట్టి ప్రమాణము అమెరికాలోని దక్షిణ కెరొలినాలో దొరికిన బెలెమ్నైటు అను సముద్రజీవి శిలాజము. అది అయిపోయిన పిమ్మట ఎన్‌బిఎస్ 19 అను సున్నపురాతి పొడి ఆధారమాయెను. కాని ఒక్క గురుతుతో కొలబద్ద సాగినదో కుంచించుకొనినదో తెలియదు. రెండవ కొన కావలెను. 2006లో ఎల్‌ఎస్‌విఇసి అను లిథియం కార్బొనేటు పొడిని, వేయింటికి 46.6 తక్కువ అను విలువతో, ఆ రెండవ కొనగా నియమించిరి.

పదేండ్లు గడచుసరికి ఒక చేదు నిజము బయటపడెను. సీసాలోని ఆ పొడి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా మారుచుండెను. తూచబడినది కాదు, తూనికరాయియే మారినది! ఇక కర్బనమునకు దానిని ప్రమాణముగా వాడవద్దని అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘము తెలిపెను.

మరి దానితో కొలిచినవారు అబద్ధికులా? కారు. అయినను వారి బాధ్యత అంతటితో తీరలేదు. ఏ పదార్థముతో సరిచూచిరో, దానికి ఏ విలువ ఇచ్చిరో వ్రాసియుంచినవారి లెక్కలను నేడు తిరిగి సరిదిద్దవచ్చును. ఫలితము మాత్రమే వ్రాసి, ప్రమాణమును వ్రాయనివాని పనిని ఎవరు దిద్దగలరు? తెలియక తప్పు చేయుట మనుష్య స్వభావము. ఆ తప్పు పట్టుబడుటకు దారి మూసివేయుట దోషము.

లేవీయకాండము 4వ అధ్యాయము చదువుడి. పొరబాటున చేసిన పాపము అక్కడ లెక్కలోనికి రాకపోలేదు. అది తెలియవచ్చినప్పుడు మనుష్యుడు ఊరకుండరాదు. కాబట్టి మన వర్తకుడు తెలియక తూచిన దినములలో కపటి కాడు. కాని రాయి అరిగినదని చెప్పినవానిపై కోపించి, దానినే మరల త్రాసులో వేసిన దినమున అతడు దోషి.

మనమును ప్రతిదినము మనుష్యులను తూచుచున్నాము. పొరుగువానిని, కోడలిని, కూలివానిని తూచు రాయి మనకు పెద్దలనుండి వచ్చినది. యథార్థముగా తూచితిని అనుట చాలదు. ఆ రాయిని మరియొకనిచేత సరిచూపించుకొని ఎన్నాళ్లాయెను?