ఆరిపోని పసుపు దీపం



లూకా సువిశేషం 13వ అధ్యాయంలో కాపు లేని అంజూరపు చెట్టు ఉపమానం ఉంది. మూడేళ్లు ఎదురుచూసి విసిగిన యజమాని దాన్ని నరికివేయమన్నాడు. తోటమాలి మాత్రం ఒక్క ఏడాది గడువు అడిగాడు. చుట్టూ తవ్వి ఎరువు వేసి చూస్తానన్నాడు. నరకడం ఒక పూట పని. తవ్వి చూడడానికే ఓపిక కావాలి.

ఈ వారం ఈ ఉపమానాన్ని ఒక పాత కారు పక్కన నిలబడి ధ్యానిద్దాం. నవ్వకండి. మన విచారణల్లో ఎన్నో కుటుంబాలు సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుంటున్నాయి. పదేళ్లు దాటిన బండి. ఆదివారం పూజకైనా, బంధువుల పెళ్లికైనా, అర్ధరాత్రి ఆసుపత్రికైనా అదే. ఒకరోజు మీటరు దగ్గర ఇంజను బొమ్మతో పసుపు దీపం వెలుగుతుంది. బండి బాగానే నడుస్తుంటుంది. మెకానిక్ స్కానర్ తగిలిస్తే పి0420 అనే కోడు కనిపిస్తుంది. "కన్వర్టర్ పోయిందండీ, మార్చేయాలి" అంటాడు. ధర వినగానే ఇంటాయనకు నోట మాట రాదు. పిల్లల ఫీజు కట్టాలా, కన్వర్టర్ కొనాలా?

కాటలిటిక్ కన్వర్టర్ అంటే ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య పొగ గొట్టంలో ఉండే డబ్బా. లోపల తేనెపట్టులాంటి గదులు, వాటికి ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పూత. ఇంజను నుంచి వచ్చే విషవాయువులను అది చాలావరకు హాని తక్కువైనవిగా మార్చి బయటికి పంపుతుంది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. సీసం ఈ పూతను పాడుచేస్తుంది కనుక సీసం లేని పెట్రోలు కూడా అప్పుడే అక్కడ ప్రవేశపెట్టారు.

ఈ డబ్బాకు ముందొకటి, వెనుకొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. ఇద్దరు సాక్షులనుకోండి. చాలా కార్లలో ముందున్న సెన్సర్ వోల్టేజి 0.1 నుంచి 0.9 వరకు ఊగుతూ ఉంటుంది. కన్వర్టర్ ఆక్సిజన్‌ను కొంత దాచుకొని, కావలసినప్పుడు వదులుతుంది కాబట్టి వెనుక సెన్సర్ నిలకడగా ఉండాలి. అది కూడా ముందుదానిలాగే ఊగడం మొదలుపెడితే కంప్యూటరు ఈ కోడు రాసి దీపం వెలిగిస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. ఆ కోడు కన్వర్టర్ పని తగ్గినట్టు కనిపిస్తోందని మాత్రమే చెబుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పదు. గొట్టానికి చిన్న చిల్లు పడి బయటిగాలి లోపలికి చేరినా, సెన్సరే ముసలిదైనా ఇదే కోడు రావచ్చు. కన్వర్టర్ నిజంగా పాడైనా, దాన్ని పాడుచేసింది చాలాసార్లు దానికి ముందున్నదే. స్పార్క్ ప్లగ్గో ఇగ్నిషన్ కాయిలో సరిగా పనిచేయకపోతే, మన మెకానిక్కుల మాటలో ఇంజను "మిస్సింగ్" కొడితే, కాలని పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి లోపలి గదులు కరిగిపోతాయి. (దీపం ఆరుతూ వెలుగుతూ మిణుకుమంటే ఇదే జరుగుతోందని అర్థం. వెంటనే వేగం తగ్గించి బండి ఆపాలి.) ఇంజను ఆయిల్ తాగుతుంటే అందులోని భాస్వరం పూత మీద పేరుకుంటుంది. ఈ కారణాన్ని వదిలేసి కొత్త కన్వర్టర్ బిగిస్తే, అప్పు చేసి కొన్న ఆ కొత్తది కూడా అదే దారి పడుతుంది.

మన ఇళ్లలో జరిగేదీ ఇంతే కదా! పదో తరగతి పిల్లవాడికి మార్కులు తగ్గాయి. దీపం వెలిగింది. తిట్టేది వాణ్ణే, కొట్టేది వాణ్ణే, హాస్టలుకు పంపేదీ వాణ్ణే. రాత్రి పదింటికి తాగి వచ్చే తండ్రి గురించి, ఆ గొడవ ముగిసేదాకా పుస్తకం ముందు వణుకుతూ కూర్చునే పిల్లవాడి గురించి ఎవరూ అడగరు. కొత్తగా వచ్చిన కోడలు నవ్వడం మానేస్తే కోడలిదే లోపం. వరుసలో చివర నిలబడినవారి మీదే నేరం మోపడం మనకు సులువు. పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మశోధనలో మనం వెనక్కి నడవాలి. నిన్న నోరు జారిన మాట ఒక్కటే కాదు, ఆ మాట ఎక్కడ పుట్టిందో అడగాలి.

ఇక దీపాన్నే మోసగించే పనులున్నాయి. బ్యాటరీ వైరు పీకి పెడితే దీపం ఆరుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. కొందరు వెనుక సెన్సర్ కింద చిన్న గొట్టం పెట్టి దాన్ని పొగకు దూరం చేస్తారు. అంటే సాక్షి కళ్లకు గంతలు కట్టడమే. మరికొందరు డబ్బా లోపలిదంతా పొడిచి ఖాళీ చేయిస్తారు. ఖర్చు మిగిలిందనుకుంటారు కాని, ఆ ఖర్చు వెనకాల స్కూటరు మీద అమ్మ ఒళ్లో కూర్చున్న పసివాడి ఊపిరితిత్తులకు చేరుతుంది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ వెలువరించిన 'లౌదాతో సి' లేఖ రవాణా వల్ల కలిగే కాలుష్యాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. బీదవారి ఆరోగ్యానికి జరిగే కీడునూ గుర్తుచేసింది. పొరుగువాడు పీల్చే గాలి మనం పారేసుకోదగిన వస్తువు కాదు.

మరి చేయవలసిందేమిటి? మెకానిక్‌తో మర్యాదగా, గట్టిగా మాట్లాడండి. "బాబూ, ముందు వేరే కోడులేమైనా ఉన్నాయా చూడు" అనండి. పి0300 వరుసలో ఏదైనా ఉంటే అది మిస్సింగ్ గురించి, ముందు దాని పని పట్టాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి గొట్టం అతుకుల దగ్గర లీకు వెతకమనండి. ఆయిల్ ఎంత తగ్గుతోందో నెలరోజులు రాసిపెట్టుకోండి. బండి బాగా వేడెక్కాక స్కానర్‌లో రెండు సెన్సర్లనూ పక్కపక్కన చూపించమనండి. ఈ పరీక్షల ఖర్చు కొత్త కన్వర్టర్ ధరలో కొద్ది భాగమే. చూపించడానికి ఇష్టపడని వర్క్‌షాపు నుంచి బండి తెచ్చేసుకోవచ్చు, తప్పులేదు.

బాగుచేసి కోడు చెరిపాక వెంటనే సంతోషించకండి. కంప్యూటరు మళ్లీ మొదటినుంచి పరీక్షించుకోవాలి. చల్లని ఇంజనుతో కొన్నిసార్లు స్టార్ట్ చేసి, మెయిన్ రోడ్డు మీద నిలకడగా కొంత దూరం నడిపితే గాని దాని తీర్పు రాదు. వారం పట్టవచ్చు. అన్నీ సరిచేసినా దీపం తిరిగి వచ్చిందా, అప్పుడు కన్వర్టర్‌కు నిజంగానే వయసైపోయింది. మార్చండి. పాత డబ్బాను మాత్రం ఊరికే వర్క్‌షాపులో వదిలి రాకండి. అందులో ఇంకా ప్లాటినం ఉంటుంది. దాని విలువ బిల్లులో ఎంత తగ్గిస్తారో పని మొదలుపెట్టక ముందే అడగండి.