ఇచ్చేసిన నేల మీద రాత్రి ఉండకూడదు: పరశురాముడు నేర్పిన పాఠం

 

ఈ వారం వీడియోలో పరశురాముడి కథ చెప్పుకున్నాం. చివర్లో "ఇది నా కంపెనీ కథ కూడా" అని ఒక మాట అని వదిలేశాను. మిగతాది కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. సొంతంగా ఏదో మొదలుపెట్టి, దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాల్సి వచ్చిన వాళ్లకి ఉపయోగపడొచ్చు.

ఇంజనీరింగ్ అయిన ఏడాదికి నేనూ నా ఫ్రెండూ కలిసి కూకట్‌పల్లిలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో చిన్న కంపెనీ పెట్టాం. ట్యూషన్ సెంటర్లకి యాప్. పిల్లల హాజరు, ఫీజు లెక్కలు, తల్లిదండ్రులకి మెసేజ్‌లు, అంతే. నాలుగేళ్లలో పదకొండు మందిమయ్యాం. తర్వాత ఒక పెద్ద కంపెనీ కొంటామని వచ్చింది. అప్పటికి మా ఖాతాలో మూడు నెలల జీతాలకి సరిపడా డబ్బే ఉంది. అమ్మేశాం. కోట్లేమీ రాలేదు. అప్పులు తీరాయి, టీమ్ వాళ్ల ఉద్యోగాలు నిలిచాయి, కొంచెం మిగిలింది. ఆరు నెలలు అక్కడే ఉండి అన్నీ అప్పజెప్పి, బయటికి వచ్చి వేరే చోట ఉద్యోగంలో చేరాను.

నేను బయటికి వచ్చాను గానీ, నా రాత్రులు అక్కడే ఉండిపోయాయి.

పడుకునే ముందు ఫోన్‌లో ఆ యాప్ రివ్యూలు చదవకపోతే నిద్ర పట్టేది కాదు. చదివితే అసలే పట్టేది కాదు. ఫీజు గుర్తుచేసే మెసేజ్ ఒకటి ఉండేది. ఏ తండ్రీ చిన్నబుచ్చుకోకూడదని ఒక్కో మాట ఆలోచించి రాశాను. దాన్ని తీసేసి "గడువు దాటింది, వెంటనే చెల్లించండి" అని పెట్టారు. ఎవరో నన్నే తిట్టినట్టు అనిపించింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పాత టీమ్‌లో ఒక తమ్ముడు "అన్నా, కొత్త మేనేజర్ ఇలా చేయమంటున్నాడు, ఏం చేయమంటావ్?" అని వాట్సాప్‌లో అడిగేవాడు. "వాళ్లకి తెలీదురా, నువ్వు మన పద్ధతిలోనే చెయ్" అనేవాణ్ని. వాడు నా మాట విన్నాడు. ఒక రిలీజ్‌లో మేనేజర్ చెప్పింది పక్కనపెట్టి నేను చెప్పినట్టు చేశాడు. గొడవైంది. ఆ ఏడాది వాడికి జీతం పెరగలేదు. ఇంకో నాలుగు నెలలకి ఉద్యోగమే వదులుకోవాల్సి వచ్చింది. మాట నాది, నష్టం వాడిది. ఫోన్ చేస్తే "పర్లేదన్నా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రోజుల్లోనే బాలకాండ మళ్లీ చదువుతూ పరశురాముడి దగ్గర ఆగిపోయాను.

రాత్రి ఉండనని ఇచ్చిన మాట

ఇరవై ఒక్కసార్లు క్షత్రియుల మీద దండెత్తి గెలిచిన భూమిని పరశురాముడు యజ్ఞం చివర కశ్యపుడికి దక్షిణగా ఇచ్చేశాడు. ఈ కథ మనందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగింది మాత్రం చాలామంది గమనించరు. భూమి తీసుకున్న కశ్యపుడు "ఇక నువ్వు నా నేల మీద నివసించకూడదు" అన్నాడు.

చూడండి, మొత్తం ఇచ్చినవాడికి ఉండటానికి చోటు లేదు! పరశురాముడు వాదించలేదు. "ఇచ్చింది నేనే కదా, ఒక మూల ఉంటాను" అనలేదు. గురువు మాట అని తలవంచాడు. అప్పటినుంచి పగలు ఎక్కడ తిరిగినా, ఈ భూమి మీద రాత్రి ఉండకుండా మహేంద్ర పర్వతానికి వెళ్లిపోయేవాడు.

ఇది చదివి నవ్వొచ్చింది. మా అమ్మకం కాగితాల్లో సరిగ్గా ఇలాంటి షరతే ఉంది: రెండేళ్లపాటు ఇదే వ్యాపారం చేయకూడదు అని. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఒకరి వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవని అందులో 27వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది: వ్యాపారాన్ని దాని గుడ్‌విల్‌తో సహా అమ్మినవాడి మీద, న్యాయమైన హద్దుల్లో, అలాంటి షరతు పెట్టొచ్చు. అమ్మినవాడు పక్కనే మళ్లీ కొట్టు తెరిస్తే కొన్నవాడికి మిగిలేది ఏముంది? కశ్యపుడు అడిగిందీ అదే న్యాయం.

నేను కాగితం మీద షరతు తప్పలేదు. వేరే వ్యాపారం పెట్టలేదు. కానీ రోజూ రాత్రి ఆ నేల మీదే పడుకున్నాను.

ఇదంతా నాన్నకి చెబుతూ "పరశురాముడు దానం చేశాడు, నేను డబ్బు తీసుకుని అమ్మాను, రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నాను. నాన్న ఊళ్లో మా ఇల్లు అమ్మిన సంగతి గుర్తుచేశారు. "రిజిస్ట్రేషన్ రోజు సాయంత్రమే తాళాలు ఇచ్చేశాను. ఇప్పటికీ ఆ వీధిలోంచే గుడికి వెళ్తాను. గేటు తోసుకుని లోపలికి వెళ్తున్నానా? ఊరికే ఇచ్చినవాడే అడుగు పెట్టకపోతే, డబ్బు తీసుకున్నవాడికి ఇంకెంత ఉండాలిరా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

చేతిలో మిగిలిన విల్లు

సీతారాముల కల్యాణం అయ్యాక, అయోధ్యకి వెళ్లే దారిలో పరశురాముడు ఎదురొచ్చాడు. శివధనుస్సు విరిగిందని విని వచ్చాడు. నాకు ఇక్కడ నేనే కనిపించాను. నేల ఇచ్చేశాడు, కొండకి వెళ్లిపోయాడు, అయినా ఒక వార్త చెవిన పడగానే విల్లు పట్టుకుని దిగి వచ్చాడు. "నా తర్వాత ఇంకెవడు?" అనేది ఇంకా ఎక్కడో మిగిలి ఉంది. మన ఫోన్‌లో నోటిఫికేషన్ మోగితే జరిగేదీ అదే కదా!

రాముడు ఆ వైష్ణవ ధనుస్సుని ఎక్కుపెట్టి ఇలా అడిగాడు: "ఈ బాణం వృథాగా పోకూడదు. పూజ్యుడివి కాబట్టి ప్రాణం తీయను. నీ గమనశక్తిని కొట్టమంటావా, తపస్సుతో నువ్వు గెలుచుకున్న లోకాల్ని కొట్టమంటావా?"

మనల్ని అడిగితే ఏం చెబుతాం? సంపాదించింది పోకూడదనే అంటాం. పరశురాముడు తిరగేసి చెప్పాడు: "లోకాలు తీసేసుకో, నా గమనం మాత్రం ఉంచు. రాత్రి ఈ నేల మీద ఉండనని మాట ఇచ్చాను. మహేంద్రగిరికి వెళ్లాలి." అంత గొప్పవాడూ తన ఘనత మొత్తం పోయినా సరే, వెళ్లిపోవడానికి కావలసిన శక్తి ఉంటే చాలనుకున్నాడు. రాముడి చేతిలో ఓడినందుకు సిగ్గుపడటం లేదని కూడా అన్నాడు. ప్రదక్షిణ చేసి వెళ్లిపోయాడు.

ఈ కథలో నాకు అందింది ఇది. కట్టినదాన్ని ఇచ్చేశాక మన దగ్గర రెండే మిగులుతాయి: "ఇది నేను కట్టాను" అనే పేరు, ఇక ముందుకు నడిచే శక్తి. రెండూ పట్టుకోవడం కుదరదు. పేరు పట్టుకుంటే కాళ్లు అక్కడే పాతుకుపోతాయి. పైగా మన పక్కనున్నవాణ్ని కూడా లోపలికి లాగుతాయి. నేను లాగాను.

అలాగని ఎవరికీ ఏమీ చెప్పకూడదా? అదీ కాదు. కర్ణుడు మహేంద్రగిరికి వెళ్లే పరశురాముడి దగ్గర అస్త్రవిద్య నేర్చుకున్నాడు. తన కొండ దగ్గరికి వచ్చి అడిగినవాడికి విద్య నేర్పవచ్చు. అతని రాజ్యంలోకి మనం దిగకూడదు. ఇప్పుడు పాత టీమ్ వాళ్లు కోడింగ్ గురించి అడిగితే గంటసేపు కూర్చుని చెబుతాను. ఆఫీసు నిర్ణయం గురించి అడిగితే "మీ మేనేజర్‌ని అడగండమ్మా" అంటాను. ఉద్యోగం పోయిన ఆ తమ్ముడి దగ్గరికి మాత్రం నేనే వెళ్లి, తప్పు నాదని ఒప్పుకుని, వేరే చోట ఉద్యోగం దొరికేదాకా వెంట ఉన్నాను. అది సలహా కాదు, నేను తీర్చాల్సిన బాకీ.

ధారపోయడం అంటే

"ఆ కంపెనీకి నాలుగేళ్లు ధారపోశాను" అని నేను అందరికీ చెప్పుకునేవాణ్ని. ఆ మాట ఎక్కడిదో ఆలోచించలేదు. దానం ఇచ్చేటప్పుడు చేతి మీదుగా నీళ్లు వదులుతూ "న మమ", నాది కాదు, అంటాం. అదీ ధార. ధారపోసిన నీళ్లని ఎవరూ మళ్లీ దోసిట్లోకి ఎత్తుకోరు.

ఒక శనివారం సాయంత్రం దీపం పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి తులసికోట దగ్గర కూర్చున్నాను. శాస్త్రం చెప్పిన విధి అని అనను, నాకోసం నేను చేసుకున్నది. యాప్ పేరు, మా పదకొండు మంది పేర్లు, చివరికి ఆ ఫీజు మెసేజ్ కూడా మనసులో చెప్పుకున్నాను. ఒక్కొక్కదానికీ కాసిన్ని నీళ్లు తులసి మొదట్లో వదిలి "న మమ" అనుకున్నాను. తర్వాత ఫోన్‌లోంచి యాప్ తీసేశాను, పాత గ్రూపులోంచి బయటికి వచ్చాను. ఏడుపొచ్చింది. ఆ రాత్రి మాత్రం మా ఇంట్లోనే నిద్రపోయాను.

మీరు ఇచ్చేసింది కంపెనీ కావచ్చు, ఉద్యోగం కావచ్చు, కాలేజీలో మీరు నడిపిన క్లబ్ కావచ్చు. ఈ వారం ఒక్క రాత్రి మిమ్మల్ని మీరు అడగండి: నేను ఎవరి నేల మీద పడుకుంటున్నాను? జవాబు తెలిస్తే, రాముణ్ని తలుచుకుని నడిచే కాళ్లు అడగండి. ఆయన ఇస్తాడు.

సర్వం శ్రీరామచంద్రార్పణమస్తు.